రెండంగుళాల ఎర్ర వైరు

సోమవారం పొద్దున్న మెకానిక్ షాపు షట్టరు సగం ఎత్తేసరికే కమ్యూనిటీ హాలు కార్యదర్శి బండి దిగాడు. వెనకాలే బండివాడు ఆంప్లిఫయరును పొట్టకి ఆనించుకుని మోసుకొచ్చి బల్ల మీద దించాడు. మూత మీది గాలి సందుల్లోంచి కాలిన వాసన ఇంకా వస్తూనే ఉంది. మెకానిక్‌కి ఆ వాసన ముప్ఫై ఏళ్ళుగా అలవాటే. అయినా ఇవాళ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఊళ్ళో ఆయన్ని బల్బు మెకానిక్ అంటారు. ఏ పెట్టె రిపేరుకొచ్చినా ఆయన తిన్నగా కరెంటులో పెట్టడు. మధ్యలో వంద వాట్ల బల్బు ఒకటి తగిలించి, దాని గుండా పంపిస్తాడు. లోపల షార్టు ఉంటే బల్బు భగ్గుమంటుంది తప్ప పెట్టెకేమీ కాదు. బాగుంటే ఒక్కసారి మినుక్కుమని మసకబారుతుంది. ఈ పద్ధతి రిపేర్లు చేసేవాళ్ళందరికీ తెలుసు. కాకపోతే మిగతావాళ్ళు పెద్ద పెట్టెలకే ఈ జాగ్రత్త పడతారు, ఈయన అరచేతిలో పట్టే రేడియోకి కూడా పడతాడు. వెనకాల నవ్వుకునేవాళ్ళు కూడా సామాను మాత్రం ఆయన దగ్గరికే తెస్తారు.

"మీకు తెలిసే ఉంటుంది, శనివారం సాయంత్రం సంగతి," అన్నాడు కార్యదర్శి, స్టూలు తుడుచుకుని కూర్చుంటూ.

"తెలుసండి. మా మనవరాలు కూడా ఆ డాన్సు క్లాసులోనే ఉంది."

"అయితే ఇంకేం చెప్పను! డాన్సు మధ్యలో స్పీకరు అంటుకుంది. పక్కనున్న తెరకి పాకింది. తెర లాగేయబోయి టీచరమ్మ చెయ్యి కాల్చుకుంది, మోచేతి దాకా కట్టు కట్టారు. ముప్ఫై మంది పిల్లలండీ లోపల! ఇదంతా మా మైకాయన నిర్వాకం. సౌండు తెగ పెంచేశాడు."

"ఆయనే చెప్పాడా?"

"చెప్పాడు, కొంచెం పెంచానని. ఆయన కొంచెం ఎంతో ఎవడికి తెలుసు? అది పక్కన పెట్టండి, ఇటు చూడండి." కార్యదర్శి మూత అంచు మీద వేలు పెట్టాడు. రిపేరు చేసి పంపే ప్రతి పెట్టెకీ మెకానిక్ ఒక స్క్రూ మీద కాగితం స్టిక్కరు అంటించి సంతకం చేస్తాడు. ఎవరైనా మూత విప్పితే స్టిక్కరు చిరుగుతుంది. ఇప్పుడు ఆయన సంతకం సరిగ్గా నడిమికి రెండు ముక్కలై ఉంది. "మంటలారాక ఎవరికీ చెప్పకుండా మూత విప్పాడు. ఎందుకు విప్పావయ్యా అంటే నోరు మెదపడు. తేలు కుట్టిన దొంగలాగా నిలబడతాడు."

మెకానిక్ చిరిగిన స్టిక్కరు అంచుని గోరుతో సరిచేశాడు.

"మీరు లోపల పరీక్ష చేసి, ఎందుకు కాలిందో ఒక కాగితం రాసివ్వండి. గురువారం పదింటికి కమిటీ కూర్చుంటోంది. కాగితం రాగానే ఆయన్ని పంపించేస్తాం. హాలు వెనకాల గది కూడా ఖాళీ చెయ్యాల్సిందే."

"పాతికేళ్ళ నుంచీ ఆ గదిలోనే ఉంటున్నాడు కదండీ."

"అందుకే కాగితం అడుగుతున్నా. రేపు మా మీద మాట రాకూడదు. బల్బు లేనిదే ప్లగ్గు కూడా ముట్టుకోని మనిషి రాస్తే కాదనే మొనగాడెవడండీ?" కార్యదర్శి లేచి ఆయన భుజం తట్టి వెళ్ళిపోయాడు.

మెకానిక్ స్క్రూ డ్రైవరు తీశాడు. మూడు వారాల కిందట ఈ పెట్టె ఇదే బల్ల మీద ఉంది. బిగించిన చెయ్యి తనదే. మూత ఎత్తాడు. 

లోపలంతా మసి. బ్రష్షుతో దులిపి, మీటరు తిప్పి పెట్టుకుని, కళ్ళజోడు ముక్కు మీదికి దించుకున్నాడు. ఇలాంటి పెట్టెలో బరువు మోసేవి నాలుగు ట్రాన్సిస్టర్లు. సన్నగా లోపలికొచ్చిన పాటని స్పీకరు ఊగేంత బలంగా చేసి బయటికి తోసేవి అవే. వేడెక్కకుండా ఉండటానికి అల్యూమినియం దిమ్మకి బిగించి ఉంటాయి. ముందు వాటినే చూడాలి. మంచిదైతే మీటరు సూదులు ఒక వైపు పెట్టినప్పుడు అర వోల్టు పైచిలుకు చూపిస్తుంది, తిప్పి పెడితే ఏమీ చూపించదు. చచ్చిపోతే ఎటు పెట్టినా సున్నా, పైగా మీటరు కుయ్యిమంటుంది.

మొదటిది బాగుంది. రెండోదీ బాగుంది. మూడో దాని మీద సూది పెట్టగానే మీటరు కుయ్యిమంది. నాలుగోదీ అంతే.

మెకానిక్ ఆ రెండిట్నీ పారేయలేదు. జతగా కలిపి ఉన్నవాటిలో ఒకటి చస్తే, మీటరుకి రెండోది కూడా చచ్చినట్టే కనిపిస్తుంది. కొత్తవాడైతే రెండూ పోయాయని రాసేస్తాడు. ఆయన రెండిటి స్క్రూలూ విప్పి, కింద ఉన్న అభ్రకం రేకు చిరగకుండా గోరుతో లేపి, తెల్లటి పేస్టు గుడ్డతో తుడిచి, విడివిడిగా బల్ల మీద పెట్టి మళ్ళీ చూశాడు. మూడోది నిజంగానే చచ్చింది. నాలుగోదానికి ఏ లోటూ లేదు.

'సరే, ఒకటి పోయింది,' అనుకున్నాడు. పోవడం వింత కాదు. పదేళ్ళు మోసిన ప్రాణం, ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. సౌండు పెంచితే పోవచ్చు, పెంచకపోయినా పోవచ్చు. కాని ట్రాన్సిస్టరు చస్తే పాట ఆగాలి, దాని గుండా కరెంటు తిన్నగా వెళ్ళి స్పీకరు అంటుకోకూడదు. అందుకోసమే లోపల రిలే అని ఒక చిన్న నల్ల డబ్బా ఉంటుంది. స్విచ్చి వేసిన మూడు సెకన్లకి అది టక్కుమని స్పీకరుకి దారి తెరుస్తుంది. ఎక్కడ తేడా వచ్చినా ఆ క్షణమే దారి మూసేస్తుంది. మరి శనివారం ఎందుకు మూయలేదు?

రిలే పై మూత విప్పి చూశాడు, అది బాగానే ఉంది. బోర్డు తిప్పి భూతద్దం పెట్టాడు. రిలే కాళ్ళ దగ్గర రెండు చోట్ల సీసం కొంచెం ఎక్కువగా ఉంది. ఒక చుక్క కరిగి జారింది. రెండో చుక్క మీద సన్నటి గాడి, అక్కడ ఏదో ఉండి ఊడినట్టు.

మెకానిక్ భూతద్దం కింద పెట్టేశాడు.  లేచి వెళ్ళి షట్టరు సగానికి దించి, ఎందుకు దించాడో తెలియక మళ్ళీ ఎత్తాడు.

ఆ రోజు జ్ఞాపకం వచ్చింది. రిలే టక్కుమనడం లేదని ఈ పెట్టె తెచ్చారు. లోపం రిలేదా, ముందరి భాగాలదా తేల్చుకోవడానికి ఆయన రిలే కాళ్ళ మధ్య ఒక వైరు ముక్కని తాత్కాలికంగా అతికించాడు. వైరు ఉంటే రిలేతో పని లేకుండా పాట స్పీకరుకి వెళ్ళిపోతుంది. పాట బాగానే వచ్చింది. లోపం రిలే పక్కన ఎండిపోయిన ఒక కెపాసిటరుదని తేలింది, మార్చాడు. రిలే టక్కుమంది. అప్పుడు వైరు తీసెయ్యాలి. తీయకపోయినా రిలే టక్కుమంటూనే ఉంటుంది, పాట వస్తూనే ఉంటుంది, పైకి ఏ తేడా తెలియదు. అదే దానిలోని ప్రమాదం. మైకాయన బల్ల ముందు నిలబడి, "ఆరింటికి మీటింగండీ, తొందరగా, తొందరగా," అని గడియారం చూపిస్తున్నాడు.

తీశాడా?

తీసే ఉంటాడు. ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడు తీయలేదు గనక! సీసం చుక్కలంటారా, వైరు తీశాక కూడా అలాగే మిగులుతాయి. గాడి పడటానికి సవాలక్ష కారణాలుంటాయి. ముఖ్యంగా, ఇప్పుడు పెట్టెలో వైరు లేదు. లేని వైరుని ఉందని ఎవడంటాడు?

ఆయన బల్ల ఎదుటి చెక్క మీద ఒక మేకు ఉంది. తాత్కాలికంగా వాడే ముక్కల్ని దానికి వేలాడదీస్తాడు. అన్నీ రెండంగుళాల ఎర్ర వైర్లే. చివర్లకి సీసం పూసి, ఒక చివర కొక్కెంలా వంచుతాడు. అది ఆయన చేతి అలవాటు. అలాంటివి ఐదు ఉండాలి. తలెత్తి లెక్కపెట్టాడు. నాలుగున్నాయి. కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి లెక్కపెట్టాడు.

"షాపు నువ్వు గాని ఊడ్చావా ఈమధ్య?" అని సాయంత్రం ఇంటికి రాగానే భార్యని అడిగాడు.

"నన్ను చీపురుతో లోపలికి రానిస్తారా మీరు? స్క్రూ పోతుందని, సూది పోతుందని! ఏం, ఏదైనా పోయిందా?"

"వైరు ముక్క."

"వైరు ముక్క కోసం మొహం అలా పెట్టుకున్నారా! నేనింకా షాపే తగలబడిందేమో అనుకున్నా." ఆమె నవ్వుతూనే అంది. ఆయన చేతిలోంచి మంచినీళ్ళ గ్లాసు కిందపడింది.

భార్య నవ్వు ఆపి ఆయన్నే చూసింది. "మీ నీడ చూసి మీరు ఉలిక్కిపడటం కొత్తేం కాదు గాని, ఇవాళ మరీ ఎక్కువైంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఏమిటండీ అది?" అని గుడ్డ తెచ్చి నేల తుడిచింది. ఆయన తడుముకోకుండా ఉండాలని చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాడు.

పక్క వీధి నుంచి కూతురు మనవరాల్ని తీసుకొచ్చి దింపి వెళ్ళింది. శనివారం నుంచీ ఆ పిల్ల ఎవరు కనిపించినా అదే కథ చెబుతోంది. తాతకి ఇది నాలుగోసారి.

"ముందు పాట ఆగిపోయింది తాతా. తర్వాత బుర్‌ర్‌ర్‌మని చప్పుడు. స్పీకరు లోంచి పొగ. మైకు తాత పరిగెత్తుకొచ్చి స్విచ్చి ఆపేశాడు. అప్పుడే తెర అంటుకుంది. మమ్మల్నందర్నీ చేతులు పట్టుకోమని, గొలుసులా బయటికి పంపించాడు. నేను రెండో వరసలో ఉన్నా కదా, ముందే వచ్చేశా. మైకు తాతేమో ఆఖర్న వచ్చాడు. ఒకటే దగ్గు."

"ఎన్నిసార్లు చెబుతావే," అన్నాడు తాత.

"ఇది కొత్తది. మైకు తాతని పంపించేస్తారట, నిజమేనా? తప్పు చేశాడట. ఏం తప్పు తాతా?"

రెండో వరస. స్పీకరుకీ రెండో వరసకీ మధ్య ఎంత దూరమో ఆయనకి తెలుసు, ఆ స్పీకరు పెట్టడానికి కొలతలిచ్చింది తనే. ఆయన మనవరాలి జడ పట్టుకుని చూశాడు. చివర రిబ్బను మీద చిన్న మసి మరక ఉంది. ఉతికినా పోలేదట.

మంగళవారం పొద్దున్న షాపుకి వెళ్ళి కాగితం ముందు పెట్టుకున్నాడు. 'పరీక్షించగా ఒక అవుట్‌పుట్ ట్రాన్సిస్టరు షార్టు అయినట్టు తేలినది' అని రాశాడు. నిజమే కదా. తర్వాత ఏం రాయాలి? 'అధిక సౌండు వలన అయి ఉండవచ్చును.' అయి ఉండవచ్చును! ఇందులో అబద్ధం ఎక్కడుంది? ఆ మాట రాసి చూసుకున్నాడు. దాని కింద మైకాయన గది, ట్రంకు పెట్టె, గోడకున్న పాత మైకుల వరస కళ్ళకి కట్టాయి. కాగితం నలిపేశాడు. ఇంకో కాగితం తీసి నిజం రాద్దామనుకున్నాడు. మొదటి మాట దగ్గరే పెన్ను ఆగింది. రాస్తే ఎవరొస్తారు ఈ షాపుకి? మనవరాలున్న హాలుకి నిప్పు పెట్టిన మనిషిని కూతురు ఏమంటుంది? టీచరమ్మ చేతి కట్టు విప్పినప్పుడు కింద ఎలా ఉంటుంది? ముందు నుయ్యి, వెనక గొయ్యి. నూతిలోకి మైకాయనని తొయ్యడానికి ఒక్క వాక్యం చాలు.

అసలు నిజమేమిటో నాకే తెలియదు కదా అనుకున్నాడు. ఆ మాట పట్టుకుని మధ్యాహ్నం దాకా బతికాడు. కొత్త ట్రాన్సిస్టరు తీసి, పెట్టేముందు రెండుసార్లు మీటరుతో చూసి, పేస్టు పూసి, అభ్రకం వేసి బిగించాడు. బల్బు తగిలించి స్విచ్చి వేశాడు. బల్బు మినుక్కుమని మసకబారింది. ఒకటి, రెండు, మూడు. రిలే టక్కుమంది. ఆ చప్పుడుకి ఉలిక్కిపడి స్విచ్చి ఆపేశాడు. మూత మాత్రం బిగించలేదు.

బుధవారం మధ్యాహ్నం మైకాయన వచ్చాడు. మామూలుగా గుమ్మం అవతలి నుంచే "ఏం మెకానిక్ గారూ" అని గట్టిగా పిలిచే మనిషి. ఇవాళ చెప్పులు బయట విడిచి, చప్పుడు చెయ్యకుండా లోపలికొచ్చి నిలబడ్డాడు. గడ్డం మాసి ఉంది. మెకానిక్ ఆయన్ని చూడగానే మీటరు చేతిలోకి తీసుకున్నాడు, ఏదో పని మధ్యలో ఉన్నట్టు.

"కూర్చోండి పెద్దాయనా."

"కూర్చోను. ఒక్క మాట అడిగి పోతాను." మైకాయన పెట్టె వైపు చూశాడు. "ఏది పోయింది?"

"ట్రాన్సిస్టరు. ఒకటే."

"నేను సౌండు పెంచినందుకేనా?"

మెకానిక్ మీటరు కింద పెట్టాడు. "అలా అని చెప్పలేం."

"సౌండు వల్ల కాదులెండి. నాకు తెలుసు దేని వల్లో." మైకాయన చొక్కా జేబులోంచి ఒక కాగితం పొట్లం తీశాడు. మడత మీద మడత విప్పాడు. "కమిటీవాళ్ళకి చూపించలేదు. చూపించే ధైర్యం లేదు. మీరైతే తిట్టినా అర్థం చేసుకుంటారని తెచ్చాను."

పొట్లంలో రెండంగుళాల ఎర్ర వైరు. సగం దాకా మాడి నల్లబడింది. ఒక చివర కొక్కెంలా వంచి ఉంది.

"నేను స్పీకరు వైర్లు గీకేది ఈ పెట్టె మీదే పెట్టుకుని," అన్నాడు మైకాయన. "ముక్కలు పైన సందుల్లోంచి లోపల పడతాయి, గుడ్డ కప్పమని మీరు ఎన్నిసార్లు చెప్పారు! నేను వింటేనా? మంటలారాక లోపల బ్యాటరీ లైటు వేసి చూస్తే ఇది వేలాడుతోంది. మూత విప్పి లాగితే చేతికొచ్చింది. అప్పుడే నాకు అర్థమైపోయింది. నా చేత్తో పడేసిన ముక్కే షార్టు చేసింది." ఆయన కళ్ళు తుడుచుకోలేదు, అలాగే వదిలేశాడు. "ఉద్యోగం పోతే పోయింది. కళ్ళు మూస్తే ఆ పిల్లల గొలుసే కనిపిస్తోంది మెకానిక్ గారూ. నాలుగు రోజులైంది సరిగా నిద్రపోయి. కాలింది దీనివల్లే కదూ? అవునంటే రేపు కమిటీలో ఒప్పేసుకుని పోతాను. ఒక్కసారి మీ నోటితో చెప్పండి, చాలు."

మెకానిక్ వైరు చేతిలోకి తీసుకున్నాడు. మేకు వైపు చూడకూడదనుకున్నాడు గాని చూశాడు. నాలుగు వేలాడుతున్నాయి. ఐదోది చేతిలో ఉంది.

ఇంక భయపడాల్సిందేమీ లేదు. ఆయనకి అది వెంటనే తెలిసిపోయింది, అందుకు సిగ్గూ వేసింది. ఉన్న ఒక్క ఆధారం తన గుప్పిట్లోకి వచ్చింది. తెచ్చినవాడే తప్పు నాది అంటున్నాడు. అవునని తల ఊపితే చాలు, మాట కూడా అక్కర్లేదు. రేపు మైకాయన తనంతట తనే ఒప్పుకుంటాడు, ఊరు ఆయన్ని తిడుతుంది, బల్బు మెకానిక్ బల్బు మెకానిక్‌గానే ఉంటాడు. మోసపోతున్నానని కూడా ఆ ముసలాయనకి ఎప్పటికీ తెలియదు. రాత్రి పడుకుని, పొద్దున్న లేచి, తప్పు నాదే నాదే అనుకుంటూ చచ్చిపోతాడు.

ముప్ఫై ఏళ్ళలో ఎన్నో భయాలు చూశాడు మెకానిక్. ఇంత సులువుగా తప్పించుకునే దారి ఒకటి కళ్ళెదురుగా తెరుచుకోవడం వాటన్నిటికంటే భయంగా ఉంది.

"ఇది మీరు పడేసింది కాదు," అన్నాడు.

"పోనీలెండి, నన్ను ఓదార్చకండి."

"ఓదార్చడం కాదు. గీకి పడేసిన ముక్కకి చివర్లో సీసం ఉంటుందా? కొక్కెం ఉంటుందా? అటు చూడండి." మెకానిక్ మేకు చూపించాడు. వేలు చాలాసేపు అక్కడే నిలిచిపోయింది. "ఇది నాది. మొన్న మీరు పెట్టె తెచ్చినప్పుడు నేనే లోపల అతికించాను, పరీక్ష కోసం. తీయడం మర్చిపోయాను. ట్రాన్సిస్టరు దానంతటది పోయింది. అది పోయినప్పుడు స్పీకర్ని కాపాడాల్సిన రిలేకి అడ్డంగా నా వైరు ఉంది. అందుకే కాలింది."

మైకాయనకి మొదట అర్థం కాలేదు. మేకు దగ్గరికి వెళ్ళి వేలాడే వైర్లలో ఒకదాన్ని వేలితో కదిపాడు. అది ఊగుతుంటే చూస్తూ నిలబడ్డాడు.

"మీకెప్పుడు తెలుసు?" అన్నాడు, వెనక్కి తిరక్కుండానే.

"సోమవారం... అనుమానం."

"సోమవారం." మైకాయన ఆ మాటని ఇంకోసారి తనలో తను అనుకున్నాడు. "నేనొచ్చి అడక్కపోతే?"

 మెకానిక్ క్షమించమందామనుకుని, మూత బిగించని పెట్టె వైపు తిరిగాడు.

మైకాయన తిట్టలేదు. వచ్చి, ఎదురుగా చెయ్యి చాపాడు. "అది ఇటివ్వండి."

"ఏమిటి?"

"వైరు. నా దగ్గరే ఉండనివ్వండి రేపటిదాకా." మెకానిక్ ఇచ్చాడు. ఆయన అదే కాగితంలో చుట్టి, అదే జేబులో పెట్టుకుని, బయట చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. వచ్చినప్పటికంటే కొంచెం నిటారుగా నడుస్తున్నాడు. వెనక నుంచి చూస్తూ మెకానిక్ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. ఇప్పుడు ఆ వైరు కమిటీ చేతికి ఎప్పుడైనా వెళ్ళొచ్చు. వెళ్ళినా అన్యాయం కాదు.

ఆ సాయంత్రం భార్యకి చెప్పాడు. ఆమె విని, మనవరాలి రిబ్బను తీసుకెళ్ళి మళ్ళీ సబ్బు పెట్టింది. ఉతికి ఆరేశాక వచ్చి, "పదింటికన్నారుగా. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి పెడతాను," అంది.

గురువారం కమిటీ గదిలో ఐదుగురున్నారు. టీచరమ్మ కూడా వచ్చింది. కట్టు కట్టిన చెయ్యి బల్ల మీద దిండు మీద పెట్టుకుంది. మైకాయన తలుపు దగ్గర నిలబడ్డాడు, ఎవరూ కూర్చోమనలేదు. మెకానిక్ పెట్టెని బల్ల మీద పెట్టి, తన బల్బు కూడా పక్కన పెట్టుకున్నాడు. కార్యదర్శి కాగితం కోసం చెయ్యి చాపాడు.

"కాగితం తర్వాత ఇస్తాను," అన్నాడు మెకానిక్. "ముందు నోటితో చెబుతాను. ఇది నా వల్ల కాలింది."

చెప్పాడు. వైరు సంగతి, మర్చిపోయిన సంగతి, సోమవారమే అనుమానం వచ్చి నోరు మూసుకున్న సంగతి. చెబుతున్నంతసేపూ టీచరమ్మ కట్టు మీదే చూశాడు, మొహం చూసే ధైర్యం చాల్లేదు. 

మాట పూర్తయింది. తర్వాత కార్యదర్శి నవ్వాడు.

"ఎంత మంచివారండీ మీరు! ముసలాయన మీద జాలి పడ్డారు, మాకర్థమైంది. కాని మీరు మర్చిపోయారంటే చిన్నపిల్లాడు కూడా నమ్మడు. రేడియోకి కూడా బల్బు పెట్టే మనిషి!" మిగతావాళ్ళు తలలూపారు. "ఇప్పుడు పెట్టెలో వైరు లేదాయె. స్టిక్కరు చింపింది ఆయన. మరి రుజువేదండీ?"

ఇది మెకానిక్ ఊహించలేదు. ఇన్నేళ్ళ భయం సంపాదించిపెట్టిన పేరు ఇప్పుడు ఆయన నోటికే అడ్డం పడింది. నిజం చెప్పడం ఒక్కటే కష్టమనుకున్నాడు. నమ్మించడం అంతకంటే కష్టంగా ఉంది. కావాలంటే ఇక్కడితో ఆగిపోవచ్చు, చెప్పాల్సింది చెప్పాను, నమ్మకపోతే నేనేం చెయ్యను అని కూర్చోవచ్చు. ఆయన తలుపు వైపు చూశాడు.

మైకాయన అప్పటిదాకా కదల్లేదు. ఇప్పుడు మెల్లగా నడిచి వచ్చి జేబులోంచి పొట్లం తీశాడు. కార్యదర్శి చెయ్యి చాపాడు గాని ఆయన కార్యదర్శికి ఇవ్వలేదు. మెకానిక్ ముందు పెట్టాడు.

మెకానిక్ పొట్లం విప్పాడు. పెట్టె మూత తీసి, బోర్డు పైకి తిప్పి, కార్యదర్శిని దగ్గరికి రమ్మన్నాడు. కొత్తగా అతికించినవేవో, పాత చుక్కలేవో వేలితో చూపించాడు. తర్వాత మాడిన ఎర్ర వైరుని చిమటాతో పట్టుకుని రిలే కాళ్ళ మీద ఉంచాడు. కొక్కెం ఉన్న చివర సీసంలో ఉన్న గాడిలో కూర్చుంది. రెండో చివర కరిగి జారిన చుక్క దగ్గర సరిగ్గా ఆగింది. వెంట్రుకంత కూడా తేడా లేదు. జేబులోంచి మేకు మీది నాలుగు వైర్లూ తీసి దాని పక్కన వరసగా పెట్టాడు. ఐదు కొక్కేలూ ఒకే వంపు తిరిగి ఉన్నాయి.

కార్యదర్శి వంగి చూశాడు. నవ్వు పోయింది. "మీరా?" అన్నాడు, కొంచెం ఆలస్యంగా.

"నేనే."

టీచరమ్మ కుర్చీ వెనక్కి జరుపుకుంది. ఏమీ అనలేదు. ఆమె అననందుకు మెకానిక్‌కి భయం ఇంకా ఎక్కువైంది. ఈ భయం ఇవాళతో పోయేది కాదని తెలుసుకున్నాడు. ఆ కట్టు విప్పేదాకా ఉంటుంది, విప్పాక కూడా ఉంటుంది.

కమిటీవాళ్ళు లోపలి గదిలోకి వెళ్ళి పావుగంట మాట్లాడుకుని వచ్చారు. మైకాయన ఉంటాడు, గదీ ఉంటుంది. హాలు పనులు ఇకమీదట వేరే షాపుకిస్తారు. "ఈ పెట్టె మాత్రం ఎలాగూ మీ చేతిలోనే ఉంది గనక, మూసి పెట్టి వెళ్ళండి," అన్నాడు కార్యదర్శి, ఆయన వైపు చూడకుండా.

అందరూ వెళ్ళిపోయాక గదిలో ఇద్దరే మిగిలారు. మెకానిక్ బల్బు తగిలించి స్విచ్చి వేశాడు. బల్బు మినుక్కుమంది. ఇద్దరూ పైకి అనకుండానే మూడు దాకా లెక్కపెట్టారు. రిలే టక్కుమంది. స్విచ్చి ఆపి, స్క్రూలు అరచేతిలో పోసుకుని, మూత ఎత్తాడు. కొత్త స్టిక్కరు మీద సంతకం చెయ్యబోయి ఆగాడు.

"పెద్దాయనా, మూసేస్తున్నాను. ఒకసారి చూస్తారా?"

మైకాయన కుర్చీ ఒకటి దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. మెకానిక్‌ని కళ్ళజోడు అడిగి తీసుకుని పెట్టుకున్నాడు. బ్యాటరీ లైటు వేసి, ఈ మూల నుంచి ఆ మూల దాకా, ఒక్కొక్క వైరునీ వేలితో తడుముతూ వెళ్ళసాగాడు. బయట గడియారం పదకొండు కొట్టింది. మెకానిక్ స్క్రూలు చేతిలో పట్టుకుని నిలబడే ఉన్నాడు.

"అయిందా?" అన్నాడు చాలాసేపటికి.

"ఉండండి," అన్నాడు మైకాయన, తలెత్తకుండా. "ఇవాళ తొందరేం లేదు."